ఏడో తీగ ధర

నెల్లూరు సంతపేటలో
తబలాలకి తోలు బిగించే కరీముల్లా సాయిబు కొట్లో
రెండేళ్లుగా మేకుకి వేలాడుతోందంట.
వచ్చినవాళ్లంతా తీగలు లెక్కపెట్టి వదిలేశారు.
"ఆరుంటే చాలు గదా, ఏడోది దేనికి?"
పెళ్లి బ్యాండు వాళ్లు అడిగారు,
చర్చి కుర్రాళ్లు అడిగారు,
గిటారు నేర్పే మాస్టారైతే
ఆరు వేళ్ల చేతిని చూసినట్టు చూసి
టీ కూడా తాగకుండా పోయాడంట.

నేను ఏడోదాన్నే ముందు ముట్టుకున్నా.
బండి క్లచ్ వైరంత లావు.
కొట్లో ఉన్న బుల్లి ఆంప్‌కి తగిలించి లాగి వదిలితే
అద్దాల బీరువాలో పిల్లనగ్రోవులు
ఒకదాన్నొకటి తడుముకున్నాయి.

ఆ మోత నాకు తెలుసు.
మా చీమకుర్తిలో మధ్యాహ్నం పూట
క్వారీ అడుగున మందు పేలితే
చెవికన్నా ముందు అరికాలికి తెలుస్తుంది చూడు,
అదే.

"పద్నాలుగున్నర" అన్నాడు సాయిబు.
మెడ మీద గీత చూపించా.
బిగుసుకుపోయిన బిరడా చూపించా.
"కంపెనీదైతే అరవై వేలు అబ్బయ్యా.
దీనికి పేరు లేదు, చెక్క ఉంది.
మోగేది పేరా, చెక్కా?"
నా దగ్గర జవాబు లేదు, పన్నెండు వేల రెండొందలున్నాయి.
పాలిషింగ్ యూనిట్లో పదకొండు నెలల రాత్రి డ్యూటీలు,
పాత గంబూటులో బొటనవేలు ఉండే చోట దాచినవి.
నోట్లు కొంచెం చెమ్మగా ఉన్నాయి.
సాయిబు వాటిని ఫ్యాను కింద పరిచి
ఎగిరిపోకుండా తబలా కొయ్యముక్కలు పెట్టి
రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.
జిప్పు లేని సంచి ఊరికే ఇచ్చాడు.
బస్సు చార్జీ నా చొక్కా జేబులో విడిగా ఉంది, చెప్పలేదు.

"ఏందది, వీణా?" కండక్టరు.
"వీణే."
వీణకీ ఏడే గదా తీగలు,
అబద్ధమెట్టా అవుద్ది?
కావలి దాకా ఒళ్లో,
సింగరాయకొండ దాకా కాళ్ల మధ్య,
టంగుటూరు టోల్‌గేటు దగ్గర
పక్కాయన నిద్రలో దాని మీద తల వాల్చాడు.
ఒంగోల్లో దిగి
చీమకుర్తి ఆటోలో దాన్ని కూచోబెట్టి నేను వేలాడా.

అసలు అబద్ధం ఇంటికాడ చెప్పా.
"ఎంత?" అంది సలోమి.
పొదుపు సంఘం లెక్కలు రాసే మనిషి.
"మూడు వేల ఐదొందలు."
"తీగకి ఐదొందలు" అని
వెంటనే భాగించి లోపలికి పోయింది.

మా అరుగు గెలాక్సీ రాయి.
అంచు విరిగిందని కంపెనీ పారేసిన పలక,
నల్లటి దాంట్లో బంగారు నలుసులు.
పాత హోం థియేటర్ డబ్బా దాని మీద పెట్టి వైరు తగిలించా.
అవతలి కొసన ఏసోబు మామ చుట్ట కాలుస్తున్నాడు.
ఇరవయ్యారేళ్లు డ్రిల్లు పట్టి
రెండు చెవులూ క్వారీలోనే వదిలేసొచ్చిన మనిషి.

ఒకటో తీగ. రోడ్డు వంక చూస్తున్నాడు.
మూడోది. పొగ వదిలాడు.
ఆరోది. మోకాలు గోక్కున్నాడు.
ఏడోది లాగా.
చుట్ట నోటి దగ్గరే ఆగిపోయింది.
కింద రాయి మీద అరచెయ్యి ఆనించి
"ఏ క్వారీలోరా?" అన్నాడు.
మళ్లీ లాగా.
ఈసారి నా వేలి వైపు చూశాడు,
డబ్బా వైపు, రాయి వైపు.
ఆరు తీగలకి ముసలోడు లేడు, ఏడోదానికి ఉన్నాడు.

"ఎంతకి కొన్నావ్?"
మూడు వేళ్లు చూపించి, నాలుగోది సగం మడిచా.
మసక చీకటి, శుక్లాల కళ్లు.
"ఎంతా?"
నాకు అబద్ధం మెల్లగా చెప్పడమే వచ్చు.
అరిచి చెప్పేంత అబద్ధం ఇంకా నేర్చుకోలేదు.
"ఎంతరా?"
"పన్నెండు వేల రెండొందలు మామా!"
వీధి చివర కుక్క లేచి కూచుంది.

లోపల గరిటె చప్పుడు ఆగింది.
కాసేపు ఏమీ లేదు.
తర్వాత సలోమి గొంతు,
సంఘం మీటింగులో బాకీలు చదివే గొంతు.
"తీగకి పదిహేడొందల నలభై రెండు.
పైన ఆరు రూపాయలు మిగుల్తున్నాయి."